నలభై దాటాక హాఫ్ మారథాన్: ఊపిరి ముందు, కాళ్లు వెనక

నలభై దాటాక పరుగు మొదలుపెట్టినవాళ్ల అనుభవాలు వింటే చాలావరకు ఒకేలా ఉంటాయి. మొదటి రెండు వారాలు వీధి చివరిదాకా వెళ్లేసరికే ఆయాసం. నెల తిరిగేసరికి రెండు కిలోమీటర్లు. మూడో నెలకి ఆగకుండా ఏడెనిమిది. పొట్ట కాస్త తగ్గుతుంది, రాత్రిళ్లు నిద్ర బాగా పడుతుంది, ఆఫీసులో ఎవరో ఒకరు "ఏంటి సార్, సన్నబడ్డారు" అంటారు. ఆ ఊపులో ఇరవై ఒక్క కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌కి డబ్బులు కట్టేస్తారు. ఆ తర్వాత నెలా రెండు నెలల్లోపే ఒకరోజు పొద్దున మంచం దిగి కాలు నేల మీద పెట్టగానే మడమ చురుక్కుమంటుంది. కొందరికి నొప్పి మోకాలిచిప్ప చుట్టూ వస్తుంది, ఇంకొందరికి పిక్క కిందుగా, మడమ పైన.

నొప్పి సరిగ్గా ఆ సమయానికే రావడానికి కారణం ఉంది. పరుగుకి ఒళ్లంతా ఒకే వేగంతో అలవాటు పడదు. రక్తంలో ద్రవభాగం పెరగడం ఒకటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. గుండె ఒక్కో స్పందనకి పంపే రక్తం పెరగడానికి, కండరాల్లో సన్నటి రక్తనాళాలు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందుకే ఆయాసం అంత త్వరగా తగ్గుతుంది. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్ల సంగతి వేరు. వాటికి రక్తసరఫరా తక్కువ, మార్పు చాలా నిదానం, గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎముకైతే కొత్త బరువుకి తగ్గట్టు మారేటప్పుడు ముందు పాత పొరని తొలగించుకుని తర్వాత కొత్తది కట్టుకుంటుంది. ఆ చక్రం పూర్తికావడానికి మూడు నాలుగు నెలలు. మధ్యలో కొంతకాలం ఎముక మామూలుకన్నా బలహీనంగానే ఉంటుంది.

బోరులో పాత మోటారు తీసేసి పెద్దది దింపి, పైపులు మాత్రం పాతవే ఉంచితే ఏ అతుకు దగ్గర పగులుతుందో చెప్పలేం. మూడో నెలలో కొత్త రన్నర్ ఒళ్లు అలాంటి స్థితిలో ఉంటుంది. గుండె పదిహేను కిలోమీటర్లకి సిద్ధం, మడమ వెనకాల అకిలిస్ టెండన్ ఇంకా అయిదు దగ్గరే ఉంది. ఇరవై ఏళ్ల కుర్రాడికీ ఈ తేడా ఉంటుంది కానీ వాడికి తప్పులు చెల్లిపోతాయి. ముప్పై దాటాక, ఏ కసరత్తూ లేకపోతే, పదేళ్లకి 3 నుంచి 8 శాతం కండరం కరిగిపోతుందని అంచనా. అంటే నలభై అయిదుకి ఆ టెండన్ మీద పడే బరువుని పంచుకునే కండరమే తక్కువ.

హాఫ్ మారథాన్ గురించి దొరికే సలహాలకి అంతు లేదు. ఎంత స్పీడు, వారానికి ఎన్ని కిలోమీటర్లు, ఏ బూట్లు, ఏం తినాలి అన్న ప్రతి ప్రశ్నకీ పది జవాబులుంటాయి, అందులో అయిదు మిగతా అయిదింటికి పూర్తి వ్యతిరేకం. నా మట్టుకు నాకు ఆ గందరగోళంలో దారి చూపించేది ఒక్కటే ప్రశ్న: ఈ సలహా ముందే సిద్ధమైపోయిన ఊపిరి కోసమా, వెనకబడిన కాళ్ల కోసమా?

ఇరవై ఒక్క కిలోమీటర్లంటే

కచ్చితంగా చెప్పాలంటే 21.0975. ఫుల్ మారథాన్ 42.195లో సగం. ఆ చిల్లర అంకె 1908 లండన్ ఒలింపిక్స్ నాటిది, 1921లో దాన్నే అధికారిక దూరంగా ఖాయం చేశారు.

మన దేశంలో జరిగే చాలా హాఫ్ మారథాన్లలో కటాఫ్, అంటే పరుగు ముగించాల్సిన గడువు, మూడు నుంచి మూడున్నర గంటలు ఉంటుంది. మూడున్నర గంటలంటే కిలోమీటరుకి దాదాపు పది నిమిషాలు, వడివడిగా నడిచేవాళ్ల వేగం. మూడు గంటలంటే ఎనిమిదిన్నర నిమిషాలు. రెండున్నర గంటలకి ఏడు నిమిషాల కంటే కాస్త ఎక్కువ. ఈ లెక్క కాగితం మీద వేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. కష్టం వేగంలో లేదు, రెండున్నర మూడు గంటలసేపు కాళ్ల మీద నిలబడగలగడంలో ఉంది.

అడుగుల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. నిమిషానికి 160 అడుగుల చొప్పున రెండున్నర గంటలకి 24,000 అడుగులు. ఒక్కో అడుగు నేలని తాకినప్పుడు శరీర బరువుకి రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. ఆ అడుగుతోనే ఒంటిని ముందుకి తోసేటప్పుడు అకిలిస్ టెండన్ మీద పడేది ఆరేడు రెట్లు. డెబ్బై కిలోల మనిషికి నాలుగు వందల కిలోలపైనే. ఒక్కో కాలికి పన్నెండు వేలసార్లు. ఆయాసం లేదు కదా అని ఈరోజు ఇంకో మూడు కిలోమీటర్లు కలిపేటప్పుడు ఈ అంకెలు గుర్తుండాలి.

సిగ్గుపడేంత నెమ్మదిగా

కొత్తవాళ్లు దాదాపు అందరూ రోజువారీ పరుగుని అవసరమైనదానికంటే వేగంగా పరిగెత్తుతారు. వారంలో ఎక్కువ భాగం, అంటే అయిదింట నాలుగు వంతులు, ఈజీగా సాగాలన్నది క్రీడాశాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ పరిశోధనల వల్ల బాగా ప్రచారమైన మాట. ఒలింపిక్ స్థాయి క్రీడాకారులు కూడా అలాగే సాధన చేస్తారని ఆయన గమనించారు. ఈజీ అంటే ఎంత? పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. ఒంటరిగా పరిగెత్తేవాళ్లు ఒక వేమన పద్యాన్ని పైకి చదివి చూసుకోవచ్చు. ఆటవెలదిలో పాదం మధ్యలోనే గాలి పీల్చాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే.

గుండె వేగాన్ని బట్టి శ్రమని మెట్లుగా విడదీసి వాచీలు చూపించే హార్ట్‌రేట్ జోన్ల మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు. చాలా వాచీలు 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ హార్ట్‌రేట్ ఇంత అని అనుకుంటాయి. 45 ఏళ్లకి 175. 2001లో వచ్చిన ఇంకో సూత్రం 208లోంచి వయసులో 0.7 వంతు తీసేయమంటుంది, దాని ప్రకారం 176 లేదా 177. రెండూ దగ్గరగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది కానీ అవి సగటులు. ఒక్కో మనిషికి పది పన్నెండు అటూ ఇటూ మామూలే. 188 ఉన్న మనిషి 175 అనుకుంటే అన్ని జోన్లూ తప్పుతాయి. బీపీ కోసం మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకి ఆ మందే గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది, వాళ్లకి ఈ సూత్రాలేవీ పనికిరావు. మాటల పరీక్షే నయం.

మధ్యమధ్యలో నడవడం ఓటమి కాదు. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే, కొత్తవాళ్లకి శిక్షణ ఇస్తూ 1970లలోనే పరుగు-నడక పద్ధతిని తీసుకొచ్చారు. రెండు మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, ఇది మొదటి నిమిషం నుంచే. అలసిపోయాక నడవడం వేరు, అలసిపోకముందే నడవడం వేరు. ఒకే కండరాలు ఒకే తీరులో గంటల తరబడి దెబ్బతినకుండా ఈ విరామం కాపాడుతుంది. మూడు గంటల్లో ముగించాలనుకునేవాళ్లకి ఇది నిజంగా మంచి దారి. మనవాళ్లలో మగవాళ్లు దీనికి ఒప్పుకోకపోవడానికి అహం తప్ప వేరే కారణం నాకు కనిపించలేదు. పార్కులో వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన పక్కనుంచి దాటిపోతుంటే చూస్తూ ఊరుకోవడం కూడా శిక్షణలో భాగమే.

పది శాతం లెక్క, అసలు లెక్క

వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచకూడదన్న సూత్రం ప్రతి రన్నర్ నోటా వినిపిస్తుంది. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీన్ని కొత్త రన్నర్ల మీద పరీక్షించారు. ఒక బృందం పది శాతం చొప్పున 13 వారాలు నిదానంగా పెంచుకుంటూ వెళ్లింది, ఇంకోటి 8 వారాల మామూలు ప్లాన్. రెండింట్లోనూ అయిదుగురిలో ఒకరికి గాయమైంది. తేడా లేదు. మరి నిదానం వల్ల ప్రయోజనం లేదా?

2025లో డెన్మార్క్ పరిశోధకులు అయిదు వేల మందికి పైగా రన్నర్ల వాచీల డేటాతో ఇంకో కోణం చూపించారు. వారం మొత్తం ఎంత పెరిగిందన్నది గాయాన్ని సరిగ్గా పట్టివ్వలేదు. ఒక్క పరుగు, అంతకుముందు నెలరోజుల్లో పరిగెత్తిన అతి పొడవైన పరుగు కంటే పది శాతానికి మించి పొడవైతే మాత్రం గాయాల ముప్పు గట్టిగా పెరిగింది. రెట్టింపు దాటితే ముప్పు కూడా రెండింతలు దాటింది. టెండన్ గురించి పైన చెప్పుకున్నదానికి ఇది చక్కగా అతుకుతుంది. దానికి వారం సగటు తెలియదు, ఆరోజు అది తట్టుకోగలిగిన హద్దు దాటిందా లేదా అన్నదే దాని లెక్క.

దీన్ని ప్లాన్‌గా మార్చి చూద్దాం. ఇప్పుడు హాయిగా 8 కిలోమీటర్లు పరిగెత్తగలిగితే, ప్రతి ఆదివారం పది శాతం చొప్పున పెంచితే వరస ఇలా వస్తుంది: 8.8, 9.7, 10.6, 11.7, 12.9, 14.2, 15.6, 17.1, 18.8. తొమ్మిది మెట్లు. ప్రతి మూడు వారాల పెంపు తర్వాత ఒక వారం దూరం తగ్గించి ఒంటికి తెరిపి ఇస్తే పన్నెండు వారాలు. పోటీకి ముందు రెండు వారాలు తగ్గించుకోవాలి. మొత్తం పద్నాలుగు, అంటే మూడు నెలలకి కాస్త ఎక్కువ. ఆ 8 కిలోమీటర్లకి చేరడానికి పట్టే మూడు నెలలు కూడా కలిపితే ఆరు నెలలకి కాస్త ఎక్కువ. "పది వారాల్లో సోఫా నుంచి హాఫ్ మారథాన్‌కి" అని చెప్పే యాప్‌లు నలభై అయిదేళ్ల మడమని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

సాధనలో 21 పూర్తిచేసి చూసుకోవాల్సిన అవసరం లేదు. 17, 18 దాకా వెళ్లినవాళ్లకి మిగతా మూడూ పోటీరోజు జనంలో పడి వచ్చేస్తాయి. వారానికి మూడు పరుగులు చాలు: మధ్యలో రెండు రోజులు అయిదారు కిలోమీటర్ల చొప్పున, ఆదివారం లాంగ్ రన్. మొదటి మూడు నాలుగు నెలలు స్పీడ్ వర్క్ (వేగం పెంచడానికి చేసే గట్టి పరుగులు) జోలికి పోవద్దు. నలభైల్లో రెండు పరుగుల మధ్య ఒకరోజు ఖాళీ ఉంచడం సాధనలో భాగం. ఒళ్లు గట్టిపడేది ఆ ఖాళీలోనే.

ఆ ఖాళీల్లో రెండు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున, కండరాల కసరత్తు ఉండాలి. జిమ్ అక్కర్లేదు. ఇంటి మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, గోడకి చెయ్యి ఆనించి, మడమల్ని పైకి లేపాలి. మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా మెట్టు కిందికి దించాలి. పదిహేనుసార్లు, మూడు విడతలు. మోకాలు నిటారుగా ఉంచి కొన్ని, కాస్త వంచి కొన్ని. నిటారుగా ఉంచితే పైపిక్క పనిచేస్తుంది, వంచితే దాని అడుగునున్న సోలియస్ కండరం. దూరప్పరుగులో ఒంటిని మోసేది ప్రధానంగా ఈ రెండోదే. నెల తర్వాత ఒంటికాలి మీద చేయాలి. ఒంటికాలి మీద ఇరవై కూడా చేయలేకపోతే, పదిహేను కిలోమీటర్ల పరుగు గురించి ఇంకా ఆలోచించకపోవడమే మంచిది. దీనికి తోడు గుంజీళ్లు. స్కూల్లో శిక్షగా తీయించారు కాబట్టి చిన్నచూపు చూస్తాం గానీ తొడలకి, తుంటికి అంతకంటే చవకైన వ్యాయామం లేదు.

నొప్పి వస్తే ఆపేయాలా కొనసాగించాలా అన్నదానికి ఫిజియోథెరపిస్టులు వాడే ఒక కొలత ఉంది. సున్నా నుంచి పది వరకు వేసుకుంటే మూడులోపు ఉండి, మర్నాటికి తగ్గిపోయే నొప్పితో దూరం తగ్గించి కొనసాగించవచ్చు. మర్నాడు పొద్దున మొదటి అడుగులో నిన్నటికంటే ఎక్కువైతే ఆపాలి. ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే గట్టిగా నొప్పెడుతుంటే అది ఎముక చిట్లడానికి సూచన కావచ్చు, దానికి ఈ కొలత వర్తించదు. ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించుకోవాలి.

"మోకాళ్లు అరిగిపోతాయి" అన్న బెదిరింపు పరిగెత్తే ప్రతి ఒక్కరికీ ఇంట్లో ఎదురవుతుంది. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చేసిన ఒక విశ్లేషణలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల కూర్చుని బతికేవాళ్లలో 10.2 శాతం, సరదాగా పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం, పోటీల్లో దిగే ప్రొఫెషనల్ రన్నర్లలో 13.3 శాతం కనిపించింది. మోకాళ్లు బాగున్నవాళ్లే పరుగులోకి వస్తారన్న మాటలోనూ కొంత నిజం ఉంది. అయినా మితంగా పరిగెత్తితే మోకాలు అరుగుతుందనడానికి ఇందులో ఆధారం లేదు. ఇప్పటికే అరిగిందని ఎక్స్‌రేలో తేలినవాళ్లు మాత్రం డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి.

గుండె సంగతి

పరిగెత్తుతూ ఎవరైనా కుప్పకూలితే ఆ వీడియో రెండు రోజుల్లో అన్ని వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చేస్తుంది. అందుకని ముందు అంకెలు చూద్దాం. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా ఫుల్, హాఫ్ మారథాన్లు పరిగెత్తిన కోటీ 9 లక్షల మందిలో గుండె ఆగిన ఘటనలు 59. ఫుల్‌లో లక్షకి ఒకటి, హాఫ్‌లో అందులో నాలుగోవంతు కంటే కాస్త ఎక్కువ. ఆ 59 మందిలో ఎక్కువమంది మగవాళ్లు, సగటు వయసు నలభై రెండు.

ఆ అంకెల్ని మనకి ఉన్నపళంగా అన్వయించుకోలేం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు మిగతావాళ్లకంటే అయిదారేళ్లు ముందే వస్తోందని తేలింది. షుగర్, బీపీ ఉన్నట్టు తెలియకుండానే తిరుగుతున్నవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. కాబట్టి నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బీపీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష), కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోవడం కనీస జాగ్రత్త. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే, పొగతాగే అలవాటుంటే, షుగర్ ఉంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండెని చూసే పరీక్ష) గురించి కూడా డాక్టరుని అడగాలి.

అయితే టీఎంటీ నెగటివ్ అన్న కాగితం హామీపత్రం కాదు. శ్రమ చేసినప్పుడు రక్తప్రవాహాన్ని అడ్డుకునేంత పెద్ద పూడికని ఆ పరీక్ష పట్టుకుంటుంది. ఇప్పుడు చిన్నదిగా ఉండి రేపు చిట్లి గడ్డకట్టే కొవ్వుపొరని పట్టుకోలేదు. అందుకే కాగితం కంటే లక్షణాలకే ఎక్కువ విలువ ఇవ్వాలి. పరిగెత్తితే వచ్చి ఆగితే తగ్గే ఛాతీ బిగుతు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, నిన్న తేలిగ్గా వెళ్లిన దూరానికి ఈరోజు అంతులేని ఆయాసం. వీటిని గ్యాస్ అనుకుని ఈనో తాగి మళ్లీ రోడ్డెక్కడం మన దగ్గర చాలా మామూలుగా జరిగే తప్పు. జ్వరం, ఒళ్లునొప్పులు ఉన్న వారం పరుగు మానేయాలి, పోటీకి ఎంత డబ్బు కట్టినా సరే.

షుగర్ ఉన్నవాళ్లు పరిగెత్తకూడదని కాదు, మందుల లెక్క చూసుకోవాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి పరుగు మధ్యలోనో, ఆ రాత్రో షుగర్ పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం చాలా తక్కువ. లాంగ్ రన్ రోజు డోసు ఎలా అన్నది డాక్టరుతో మాట్లాడుకోవాలి, జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి.

తిండి, నీళ్లు, ఓఆర్‌ఎస్

పరుగులో ఖర్చయ్యే శక్తి సుమారుగా కిలో బరువుకి కిలోమీటరుకి ఒక కేలరీ. డెబ్బై కిలోల మనిషికి హాఫ్ అంతా కలిపి 1,500 కేలరీలు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్‌తో 1,600 నుంచి 2,000 దాకా వస్తాయి, పైగా నెమ్మదిగా పరిగెత్తేటప్పుడు కొవ్వు కూడా కొంత కరుగుతుంది. ఫుల్ మారథాన్‌లో ముప్పై కిలోమీటర్లు దాటాక ఒంట్లో శక్తంతా ఒక్కసారిగా ఉడిగిపోవడం గురించి విని హాఫ్‌కి కూడా భయపడక్కర్లేదు. ముందురోజు రాత్రి పాస్తా కోసం వెతుక్కోనూ అక్కర్లేదు. అన్నం, పప్పు, పెరుగు చాలు. ఆవకాయ, ఆకుకూర, వేపుళ్లు ఆ ఒక్కపూటకి పక్కన పెడితే మర్నాడు పొద్దున పోర్టబుల్ టాయిలెట్ల ముందు క్యూలో నిలబడే టెన్షన్ తగ్గుతుంది.

పొద్దున గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, బ్రెడ్డూ జామో, ఒక అరటిపండో. రాత్రి నిద్రలో కాలేయంలోని గ్లైకోజన్ తగ్గుతుంది కాబట్టి ఖాళీ కడుపుతో రెండున్నర గంటలకి దిగొద్దు. దారిలో గంటకి 30 గ్రాముల పిండిపదార్థం చాలు: ఒక పెద్ద అరటిపండు, లేదా నాలుగైదు ఖర్జూరాలు, లేదా ఒక జెల్ (పరుగులో మింగేందుకు ప్యాకెట్లో వచ్చే తియ్యటి ముద్ద). ఏదైనా సరే ముందు లాంగ్ రన్లలో తిని చూసుకున్నదే అయ్యుండాలి. స్టాల్‌లో ఊరికే ఇచ్చారని కొత్త జెల్ నోట్లో వేసుకుంటే పదిహేనో కిలోమీటరు దగ్గర కడుపు పట్టేస్తుంది.

నీళ్ల విషయంలో రెండు వైపులా తప్పు జరుగుతుంది. తక్కువ తాగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. మూడు గంటలపాటు ప్రతి స్టాల్ దగ్గరా దాహం లేకపోయినా గ్లాసు నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడిపోతుందని చాలామందికి తెలియదు. తలనొప్పి, వాంతులు, మతి తప్పడం, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ, వాళ్లకి తాగడానికి సమయం ఎక్కువ కదా. మంచి పద్ధతి ఒకటుంది. ఒక లాంగ్ రన్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే తాగినదానికంటే లీటరు చెమట ఎక్కువ పోయిందని. బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగినట్టు. పోటీరోజు దాహాన్ని బట్టి తాగితే చాలావరకు సరిపోతుంది.

కొబ్బరినీళ్లు మంచివే కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ దానికంటే నయం. ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు లేబుల్ చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు. మార్కెట్లో ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని ఏళ్లతరబడి అమ్ముడైన కొన్ని టెట్రాప్యాక్ డ్రింకుల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు ఉండేది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ చాలా ఏళ్లు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ సూత్రానికి తగని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. మెడికల్ షాపులో దొరికే పొడి ప్యాకెట్ తెచ్చుకుని చెప్పినన్ని నీళ్లలో కలుపుకోవడం మేలు.

పరుగుకి ముందు నొప్పి రాకుండా అని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకునేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. చెమట పోయి రక్తప్రవాహం తగ్గి ఉన్న సమయంలో ఇవి కిడ్నీల మీద భారం వేస్తాయి, సోడియం సమస్యని కూడా పెంచుతాయి. బీపీ ఉన్నవాళ్లకి మరీ చేటు. మాత్ర లేనిదే పరిగెత్తలేని కాలు ఆరోజు పరిగెత్తకూడని కాలే.

ఏ పోటీ, ఏ నెలలు

తెలుగునాట కొత్తవాళ్ల కళ్లు ఎక్కువగా రెండు పోటీల మీద ఉంటాయి. ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్, నవంబరు-డిసెంబరు ప్రాంతంలో విశాఖలో నేవీ మారథాన్. పోటీరోజు సంగతి తర్వాత, సాధన ఏ కాలంలో పడుతుందో చూడండి. ఆగస్టుకి సిద్ధం కావాలంటే లాంగ్ రన్లు పెంచడం మొదలయ్యేది మే చివర్లో. రోహిణీకార్తెలో తొమ్మిది పది కిలోమీటర్లన్నమాట. తెల్లవారుజామున నాలుగున్నరకే రోడ్డు మీద ఉండాలి, అప్పటికీ గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. విశాఖ పోటీకైతే పెద్ద పరుగులు వర్షాకాలం చివర్లో, శీతాకాలం మొదట్లో పడతాయి. మొదటిసారి పరిగెత్తేవాళ్లు రెండోదాన్ని ఎంచుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం.

పోటీ దారి కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్లెక్కుతూ దిగుతూ వెళ్లాలి. ఆగస్టు తెల్లవారుజామున చలచల్లగానే ఉంటుంది గానీ గాలిలో తేమ బాగా ఎక్కువ. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అదే వేగానికి గుండె నిమిషానికి పది పదిహేనుసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. సమతలం మీద చల్లటి జనవరిలో తీసిన టైముని అక్కడ ఆశించకూడదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నడవండి. కాళ్లని ఎక్కువగా దెబ్బతీసేది దిగడమే. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బ్రేకు వేయాల్సి వస్తుంది. మర్నాడు ఇంటి మెట్లు దిగలేకపోవడం దాని ఫలితమే. సాధనలో వారానికోసారి ఒక ఫ్లైఓవరో ఎత్తో ఎక్కి దిగినవాళ్లకి ఇది చాలా తగ్గుతుంది. విశాఖ బీచ్‌రోడ్డు దీనికంటే తేలిక, పొద్దునపూట కొన్ని గంటలు వాహనాలు ఆపేస్తారు కాబట్టి అక్కడివాళ్లకి సాధనకీ చోటుంది. మిగతా ఊళ్లలో చీకటి, గుంతలు, కుక్కలు. కుక్క వెంటపడితే వేగం పెంచొద్దు, ఆగి దానివైపు తిరిగి నెమ్మదిగా వెనక్కి నడవడమే మంచిది.

ఆడవాళ్లకి చీకట్లో ఒంటరిగా పరిగెత్తడం అన్న సమస్య అన్నిటికంటే ముందు వస్తుంది, రన్నింగ్ గ్రూపుల వల్ల అసలైన లాభం అక్కడే. రెండోది రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఎంత నెమ్మదిగా వెళ్లినా ఆయాసం తగ్గట్లేదంటే బద్ధకం అనుకోకుండా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూపించుకోవాలి. నెలసరి ఆగిపోయే వయసులో ఈస్ట్రోజన్ తగ్గి ఎముక పలచబడుతుంది, పైన చెప్పిన కండరాల కసరత్తు అప్పుడు మరింత ముఖ్యం. కాన్పుల తర్వాత చాలామందికి పరిగెత్తితే మూత్రం చుక్కలుగా పడుతుంది. ఎవరికీ చెప్పుకోలేక పరుగే మానేస్తారు. దానికి ప్రత్యేక వ్యాయామాలున్నాయి, గైనకాలజిస్టు గానీ ఫిజియో గానీ నేర్పిస్తారు, చాలామందిలో తగ్గుతుంది కూడా.

బూట్ల గురించి పేజీలకి పేజీలు రాయొచ్చు గానీ అవసరం లేదు. షాపులో పది అడుగులు పరిగెత్తి చూసినప్పుడు హాయిగా ఉన్నది, బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉన్నది తీసుకోండి. పాదం ఉబ్బి ఉండే సాయంత్రం పూట వెళ్లండి. అడుగున గట్టి కార్బన్ రేకు ఉండే రేసింగ్ బూట్లకి పెట్టే పదిహేను వేలు ఫిజియో కోసం దాచుకోవచ్చు.

పోటీరోజు, ఆ తర్వాత

మొదలయ్యే చోట పాటలు, డప్పులు, వేలమంది. మొదటి మూడు కిలోమీటర్లు అందరూ తమ వేగం మర్చిపోతారు. అనుకున్నదానికంటే కిలోమీటరుకి పావు నిమిషం నెమ్మదిగా వెళ్తే చివరి అయిదు కిలోమీటర్లలో దానికి ఫలితం కనిపిస్తుంది. తొడల మధ్య, చంకల్లో వాజిలిన్ రాసుకోవాలి, మగవాళ్లు చనుమొనల మీద ప్లాస్టర్ అతికించుకోవాలి. ఇది తమాషా అనిపించేది బనీను మీద రక్తపు చారలు చూసేదాకానే. వాచీలో 21.1 వచ్చేసినా ముగింపు గీత కనపడకపోతే నిర్వాహకుల్ని తిట్టుకోవద్దు. దారిని మలుపుల్లో లోపలి అంచు వెంబడి కొలుస్తారు, మనం జనాన్ని తప్పించుకుంటూ అడ్డదిడ్డంగా వెళ్తాం, రెండు మూడు వందల మీటర్లు ఎక్కువ రావడం మామూలే.

గీత దాటగానే టక్కున ఆగి నిలబడకూడదు. పరుగులో పిక్కలు బిగుస్తూ వదులుతూ రక్తాన్ని పైకి తోస్తుంటాయి. హఠాత్తుగా ఆగితే ఆ రక్తం కాళ్లలోనే నిలిచిపోయి బీపీ పడిపోతుంది. ఫినిష్ దగ్గర కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో ఎక్కువమందికి కారణం ఇదే. మెడల్ వేయించుకుంటూ, ఫోటో దిగుతూ అయినా పదిహేను నిమిషాలు నడుస్తూ ఉండండి. తర్వాత రెండు రోజులు తొడలు పట్టేసి ఉంటాయి, రెండు కాళ్లూ సమానంగా నొప్పి ఉంటే భయం లేదు. వారం పది రోజులు నడక, ఆ తర్వాత మూడు నాలుగు కిలోమీటర్ల ఈజీ రన్లు. ఒక్క కాలిలో, ఒక్క చోట, పదో రోజుకీ నొప్పి మిగిలి ఉంటే వచ్చే పోటీకి డబ్బులు కట్టే ముందు ఫిజియో అపాయింట్‌మెంట్ తీసుకోండి.